మీకు రోడ్డు కనబడుతోంది సరే... మీరు రోడ్డుకి కనబడుతున్నారా?

‘వీధి దీపాలున్నాయిగా, రోడ్డంతా క్లియర్‌గా కనబడుతోంది. ఇంక సైకిల్‌కి లైటెందుకు?’

సైకిల్ కొత్తగా కొన్నవాళ్లని ఎవర్నడిగినా వచ్చే మాట ఇదే. హెల్మెట్ కొంటారు, గ్లోవ్స్ కొంటారు, వాటర్ బాటిల్‌కి స్టాండ్ కూడా బిగిస్తారు. లైటు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘తర్వాత చూద్దాంలే’ అంటారు. కానీ సిటీలో సైకిల్ లైటు అసలు పని మీకు దారి చూపించడం కాదు, మిమ్మల్ని ఎదుటివాళ్లకి చూపించడం. ఈ రెండూ వేర్వేరు పనులు. ఆ తేడా తెలియకపోతే ప్రాణాల మీదికొస్తుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు లక్షా 68 వేల మంది చనిపోయారు. వాళ్లలో సైకిల్ మీద వెళ్తున్నవాళ్లే 4,800 మందికి పైగా. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ఇది. అందరూ చీకట్లోనే పోయారని కాదు. కానీ చీకట్లో సైకిల్ ఎంత ప్రమాదమో తెలియాలంటే చిన్న లెక్క ఒకటి వేసి చూడండి.

సెకనుకి 16 మీటర్లు

గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దూసుకొస్తుంది. డ్రైవర్ మిమ్మల్ని చూసి, ‘అరె, సైకిల్!’ అని గుర్తుపట్టి, కాలు బ్రేకు మీద వేసేసరికి ఒకటి, ఒకటిన్నర సెకన్లు పోతాయి. అంటే బ్రేకు పడకముందే పాతిక మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక బండి ఆగడానికి ఇంకో ఇరవై మీటర్లు వేసుకోండి. వాన పడి రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువే.

మొత్తం కలిపితే నలభై అయిదు మీటర్ల పైమాటే. డిమ్ లైట్లో నల్ల టీషర్టు, నల్ల ప్యాంటు వేసుకున్న మనిషి అంత దూరం నుంచి కనబడటం చాలా కష్టం. కనబడేసరికి డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు. అతను తాగి ఉండక్కర్లేదు, ఫోన్ చూస్తూ ఉండక్కర్లేదు. జాగ్రత్తగా నడిపే మనిషి వల్ల కూడా ప్రమాదం జరిగిపోతుంది.

ఎదురుగా వచ్చే బండి హై బీమ్ వేసుకుని ఉంటే పరిస్థితి మరీ ఘోరం. ఆ వెలుగుకి డ్రైవర్ కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ కాసేపట్లో ముందున్న సైకిల్ ఉన్నా లేనట్టే.

పచ్చ జాకెట్ నమ్ముకుంటే...

‘నేను మెరిసిపోయే ఆకుపచ్చ జాకెట్ వేసుకుంటా, నాకేం కాదు’ అనుకునేవాళ్లకి ఒక చేదు నిజం. ఫ్లోరసెంట్ రంగులు మెరిసేది ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల వల్ల. పగలూ, సాయంత్రం మసక వెలుతురులోనూ అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో ఆ కిరణాలు పెద్దగా ఉండవు కాబట్టి ఆ మెరుపూ ఉండదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. వేరే బండ్లు తిరగని రోడ్డు మీద, రాత్రిపూట, డ్రైవర్లు సైక్లిస్టుల్ని ఎంతవరకు గుర్తుపడతారో లెక్కగట్టారు. నల్ల బట్టలు వేసుకున్నవాళ్లని గుర్తుపట్టింది 100కి 2 సార్లే. ఫ్లోరసెంట్ జాకెట్ వేసుకుంటే 15. వెలుగుని తిప్పికొట్టే రిఫ్లెక్టివ్ జాకెట్ అయితే 50. ఆ జాకెట్‌తో పాటు మోకాళ్లకీ, చీలమండలకీ రిఫ్లెక్టివ్ పట్టీలు కట్టుకుంటే ఏకంగా 90!

కాళ్లకి కట్టుకునే పట్టీలకి అంత పవరేంటి? కారణం సింపుల్. పెడల్ తొక్కుతుంటే అవి పైకీ కిందికీ ఆడుతుంటాయి. కదలకుండా ఉన్న మెరుపు గుర్తింపు బోర్డు కావచ్చు, ఆగి ఉన్న బండి కావచ్చు. లయగా పైకీ కిందికీ కదిలే రెండు మెరుపుల్ని చూస్తే మాత్రం ‘ఇది మనిషి’ అని మెదడు ఇట్టే పట్టేస్తుంది. ఇంత పనిచేసే ఆ పట్టీల ఖరీదు ఒక బిర్యానీ కంటే తక్కువే.

రిఫ్లెక్టర్ ఉందిగా, లైటెందుకు?

మంచి ప్రశ్నే. రిఫ్లెక్టర్‌కి సొంత వెలుగు లేదు. తన మీద పడ్డ వెలుగుని వచ్చిన దిక్కుకే తిప్పి పంపిస్తుంది. వెనక నుంచి కారు హెడ్‌లైట్ పడితే అద్భుతంగా మెరుస్తుంది. సైకిల్ రిఫ్లెక్టర్లు ప్రమాణాలకు తగ్గట్టే ఉండాలని కేంద్రం 2020లో ఉత్తర్వు తెచ్చిందంటే వాటి విలువ తెలుస్తుంది.

కానీ పక్క సందులోంచి మెయిన్ రోడ్డెక్కే ఆటో సంగతేంటి? దాని హెడ్‌లైట్ వెలుగు నేరుగా ముందుకే పోతోంది, మీ మీద పడట్లేదు. మరి లైటే వేసుకోకుండా వచ్చే బైకు? అక్కడ రిఫ్లెక్టర్ చేసేదేమీ లేదు. సొంతంగా వెలిగే లైటే దిక్కు. అందుకే రెండూ కావాలి.

డెన్మార్క్‌లోని ఒడెన్స్ నగరంలో దీని మీద పెద్ద ప్రయోగమే జరిగింది. 3,845 మందిని తీసుకుని, కొందరి సైకిళ్లకి చక్రం తిరిగినంతసేపూ వెలిగే లైట్లు బిగించారు. అంటే పగలు కూడా లైటు ఆరదు. ఏడాది పాటు చూస్తే, లైట్లున్నవాళ్లకి ప్రమాదాలు 19 శాతం తక్కువ. ఆఫ్ చేసే స్విచ్ గురించి ఆలోచించే పనే లేకపోవడం అందులో పెద్ద ప్లస్సు.

మన తాతల కాలంలో ఉన్నదీ ఇలాంటిదే. టైరుకి రాసుకుంటూ ‘గుర్ర్’మని తిరిగే డైనమో గుర్తుందేమో అడగండి. లైటు లేకుండా సైకిల్ తొక్కితే పోలీసు ఆపి టైర్లో గాలి తీసేసిన కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. బైకులొచ్చాక డైనమో పోయింది, దాంతో పాటు ఆ భయమూ పోయింది. ట్రాఫిక్ మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

ఏది కొనాలి? ఎలా బిగించాలి?

ముందు తెలుపు, వెనక ఎరుపు. ఇది మార్చకూడదు. డ్రైవర్ మీరు ఎదురొస్తున్నారో, ముందు వెళ్తున్నారో తెలుసుకునేది ఆ రంగుతోనే. డబ్బులు ఒక్కదానికే సరిపోతే ముందు వెనక లైటే కొనండి. ఎదురొచ్చే ప్రమాదాన్ని మీరు చూడగలరు, వెనక నుంచి వచ్చేదాన్ని చూడలేరు.

వీధి దీపాలున్న రోడ్ల మీద ముందు లైటు 100 నుంచి 200 ల్యూమెన్లుంటే సరిపోతుంది. వికారాబాద్ వైపో, అనంతగిరి ఘాట్ వైపో చీకటి రోడ్ల మీద వెళ్లేవాళ్లకి 400, ఆపైన కావాలి. అలాగని 1000 ల్యూమెన్ల లైటు తెచ్చి నేరుగా ఎదుటివాళ్ల కళ్లలోకి కొడితే మీరే ఇంకో ప్రమాదం తెచ్చిపెట్టినట్టు. లైటుని కొంచెం కిందికి వంచి, వెలుగు రోడ్డు మీద పడేలా పెట్టండి.

బ్లింకింగా, స్టడీగా? బ్లింక్ అయ్యే లైటు చూపుని లాగుతుంది, పగటిపూట బాగా పనికొస్తుంది. చీకట్లో మాత్రం అది ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం కష్టం. జర్మనీలో అయితే సైకిల్‌కి బ్లింకింగ్ లైట్లే కుదరవు. రాత్రి ఆగకుండా వెలిగే మోడ్ పెట్టుకోండి. ఇంకో చిన్న లైటుంటే దాన్ని బ్లింకింగ్‌లో ఉంచండి. గ్రూప్ రైడ్‌లో మాత్రం వద్దు, మీ వెనకున్న ఫ్రెండ్‌కి తలనొప్పి గ్యారంటీ.

అందరూ మర్చిపోయేది ఒకటుంది. సీటు కింద లైటు బిగిస్తారు, దాని ముందు బ్యాగు వేలాడుతుంది. లేదంటే పొడుగు షర్టు వచ్చి కప్పేస్తుంది. అందుకే ఈ పరీక్ష చేయండి: సైకిల్ మీద ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, యాభై అడుగులు వెనక్కి నడిచి, తిరిగి చూడండి. ఆ తర్వాత పక్క నుంచీ చూడండి. మీకే కనబడకపోతే లారీ డ్రైవర్‌కి ఏం కనబడుతుంది?

లైటు ఒక్కటే చాలదు

రోడ్డు అంచుకి అతుక్కుని తొక్కితే సేఫ్ అనుకుంటాం. నిజానికి అక్కడే డ్రైనేజీ మూతలు, ఇసుక, పార్క్ చేసిన కార్లు ఉంటాయి. వాటి మధ్యలోంచి లోపలికీ బయటికీ దూరితే వెనకవాళ్లకి మీరు మాయమై మళ్లీ ప్రత్యక్షమైనట్టుంటుంది. అంచుకి దాదాపు మీటరు దూరంలో, ఒకే గీతలో వెళ్లండి. మలుపు తిరిగే ముందు చెయ్యి చాపండి. బస్సుకీ లారీకీ ఎడమ పక్కన ఎప్పుడూ ఆగొద్దు. డ్రైవర్‌కి అద్దంలో మీరు కనబడరు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్లో మొదలైంది. పైన కప్పు, రాత్రి దీపాలు, హాయిగా తొక్కొచ్చు. కానీ ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా తెల్లారుజామున వెళ్లేది మామూలు రోడ్డు మీదే కదా. లైటు అవసరం అక్కడే.

ఎవరి కోసం ఈ లైటు?

వీకెండ్‌లో స్ట్రావా ఆన్ చేసి తొక్కేవాళ్లకి లైట్లు కొనే స్తోమత ఉంది. కానీ మన రోడ్ల మీద చీకట్లో సైకిల్ తొక్కేవాళ్లలో ఎక్కువమందికి సైక్లింగ్ హాబీ కాదు. నాలుగింటికే పేపర్ కట్టలు కట్టుకుని బయల్దేరే కుర్రాడు, నైట్ డ్యూటీ దిగే వాచ్‌మన్, పని ముగించుకుని ఇంటికెళ్లే తాపీ మేస్త్రీ. వాళ్ల సైకిల్‌కి లైటుండదు, ఉన్న రిఫ్లెక్టర్ ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది.

ఎరుపు రిఫ్లెక్టివ్ టేపు ఆటోమొబైల్ షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది. వెనక మడ్‌గార్డ్‌కి ఒక ముక్క, రెండు పెడల్స్‌కి చెరో ముక్క అంటించడానికి అయిదు నిమిషాలు చాలు. పెడల్‌కి అంటించిన ముక్క కాలి పట్టీలాగే పైకీ కిందికీ ఆడుతుంది. మీ లైటు కొనేటప్పుడు ఒక టేపు చుట్ట కూడా కొనండి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న సైకిల్ ఎక్కడుందో మీకు తెలుసు కదా... ఈ ఆదివారమే అంటించేయండి.