పాత కంప్యూటర్‌కి ఏ బ్రౌజర్?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్పు, 4 జీబీ ర్యామ్ ఉండాలి. గద్వాలలో జిరాక్స్ సెంటరైనా, వనపర్తిలో నెట్ సెంటరైనా, నాగర్‌కర్నూల్‌లో బడి ల్యాబైనా, 2 జీబీల కోర్ టూ డ్యూయో మిషనుతో నెట్టుకొస్తుంటే మిగిలిన దారి లుబుంటు, యాంటిఎక్స్ లాంటి తేలికపాటి లైనక్స్. డెస్క్‌టాప్ చకచకా తెరుచుకుంటుంది. బ్రౌజర్ తెరిచాక మళ్లీ పాత కథే. తేలికైంది సిస్టమే, వెబ్ పేజీ కాదు మరి.

బ్రౌజర్ల వేగానికి కొలబద్దలు లేకపోలేదు. ఆపిల్, గూగుల్, మొజిల్లా కలిసి 2024 మార్చిలో స్పీడోమీటర్ 3.0 తెచ్చాయి. అది ప్రధానంగా స్క్రిప్టుల చురుకును కొలుస్తుంది. కానీ పాత మిషనులో అసలు గండం ర్యామ్. అది నిండగానే సిస్టమ్ హార్డ్‌డిస్క్ మీది స్వాప్‌లోకి సరుకు తోలుతుంది. ఇక ఏ బ్రౌజరైనా ఒకటే నత్తనడక. ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక 2018లో క్రోమ్ ఒక్కో సైటును ఒక్కో ప్రాసెస్‌లో విడిగా ఉంచింది. దానికి 10–13 శాతం అదనపు మెమరీ పడుతుందని గూగులే చెప్పింది. భద్రత కోసం కట్టే సుంకం అది, తప్పుపట్టలేం.

2 జీబీలకు నా ఓటు ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్ జంటకే. ప్రకటనలు దిగకపోతే మెమరీ, డేటా రెండూ మిగులుతాయి. ర్యామ్‌లోనే సరుకును కుదించి దాచే జెడ్‌ర్యామ్‌ను కూడా ఆన్ చేయాలి. యూట్యూబ్ ఆగి ఆగి వస్తుంటే తప్పు బ్రౌజర్‌ది కాకపోవచ్చు: పాత గ్రాఫిక్స్ చిప్పులకు వీపీ9 వీడియో విప్పడం రాదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. వీపీ9కి బదులు హెచ్264 వీడియో రప్పించే హెచ్264ఇఫై పొడిగింపు వేస్తే కాస్త తేరుకుంటుంది.

1999లో పుట్టిన డిల్లో బ్రౌజర్ వీటన్నిటికంటే తేలిక. కానీ దానికి జావాస్క్రిప్టు తెలియదు. లాగిన్ అడిగే ప్రభుత్వ పోర్టళ్లలో చాలావాటికి అది అక్కరకు రాదు. తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే మాత్రం బ్రౌజర్ మార్చనక్కర్లేదు, డెబియన్‌లో లోహిత్, పోతన ఫాంట్లు దొరుకుతాయి.

పోల్చదలిస్తే రోజూ వాడే పేజీనే ఒక్కో బ్రౌజర్‌లో రెండేసి సార్లు తెరిచి, స్వాప్ ఎంత పెరిగిందో చూడండి. 32 బిట్ ప్రాసెసరైతే ఆ శ్రమా వద్దు. క్రోమ్ 2016లోనే 32 బిట్ లైనక్స్‌ను వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 144 తర్వాత ఆపేసింది.