బాలబాలికల విజ్ఞాన ప్రయోగములు: కొన్ని జాగ్రత్తలు

విజ్ఞానశాస్త్రమును చదివి తెలిసికొనుట యొక యెత్తు. చేసి చూచి తెలిసికొనుట మరియొక యెత్తు. అందుచేతనే బాలబాలికల విజ్ఞాన సంఘములలో ప్రయోగములకు అంతటి ప్రాధాన్యము. 1860-61 శీతకాలమున లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే ఒక్క క్రొవ్వొత్తిని ముందుంచుకొని, పిల్లలకు ఆరు ఉపన్యాసములలో రసాయనశాస్త్ర రహస్యము లెన్నింటినో వివరించెను. పిల్లలను ఆశ్చర్యపరచుటకు పెద్ద మంట అక్కరలేదనుటకు ఇదియే తార్కాణము.

పెద్ద మంటను చూపబోయిన చోట ఏమి జరిగినదో వినుడు. 2014 సెప్టెంబరులో అమెరికాలోని రీనో నగరమున, ఒక ప్రదర్శనశాలలో పిల్లలకు 'అగ్ని సుడిగాలి'ని చూపుచుండిరి. మిథైల్ ఆల్కహాలుతో తడిపిన దూది సరిగా మండకపోగా, పెద్ద సీసానుండి మరికొంత పోసిరి. దూదిలో దాగియున్న నిప్పు ఆవిరి కంటుకొని, ధారవెంట సీసాలోనికి ప్రాకి, చూపరులపైకి జ్వాలగా ఎగజిమ్మెను. పదముగ్గురు గాయపడిరి.

దీని కారణము సులభముగా గ్రహింపవచ్చును. మండునది ద్రవము కాదు, దాని ఆవిరి. మిథైల్ ఆల్కహాలు 11 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే అంటుకొనదగినంత ఆవిరి నిచ్చును. మన యెండలలో వేరుగ చెప్పనేల? పైగా దాని జ్వాల పగటివెలుగులో ఇంచుమించుగా కంటికి కనబడదు. కనుక స్పిరిటు దీపమును ఊదక, మూతపెట్టి ఆర్పవలెను. చల్లారిన పిమ్మటనే గరాటుతో స్పిరిటు పోసి, సీసాకు బిరడా బిగించి దూరముగా పెట్టి, ఆ తరువాతనే వెలిగింపవలెను.

ఆమ్లముల విషయమున ఒక్క సూత్రము మరువరాదు: నీటిలో ఆమ్లమును పోయవలెనే కాని, ఆమ్లములో నీటిని పోయరాదు. గాఢ గంధకామ్లము నీటికంటె 1.84 రెట్లు బరువైనది. పైన పోసిన నీరు తేలి, అచ్చటనే పుట్టిన వేడికి మరిగి, ఆమ్లముతో సహా ముఖముపైకి చిందును. ఉపాధ్యాయుడే దానిని సన్నని ధారగా, కలుపుచు పోయవలెను. పిల్లల చేతికి ఇచ్చునది పలుచని ద్రావణము మాత్రమే.

వంటసోడా, వినెగరు నిరపాయమైనవే. కాని వానిని సీసాలో కలిపి బిరడా బిగించినచో, లోపలి బొగ్గుపులుసు వాయువు సీసాను ప్రేల్చవచ్చును. సీసా మూతికి రబ్బరు బుడగను తొడిగినచో అదే వాయువు దానిని ఉబ్బించును. వినోదమునకు వినోదము, పాఠమునకు పాఠము.

ప్రతి ప్రయోగమును ఉపాధ్యాయుడు ముందుగా తానొక్కడే చేసి చూడవలెను. వస్తువుల పరిమాణము అత్యల్పముగా నుండవలెను. కండ్లకు రక్షణ అద్దములు, ముడిచిన జడలు, బిగించి కట్టిన ఓణీలు, చేరువలో నీటితొట్టి, ఇసుక, కంబళి ఉండితీరవలెను. చర్మము కాలినను, ఆమ్లము సోకినను, వెంటనే ఇరువది నిమిషములు ధారగా నీరు పోసి, వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

తలిదండ్రులు ప్రయోగములకు భయపడి పిల్లలను ఆపనక్కరలేదు. మొదలుపెట్టుటకు ముందే "ఇందులో ఏది వికటింపవచ్చును? వికటించిన ఏమి చేయుదువు?" అని అడుగుడు. సమాధానము చెప్పగలిగిన బిడ్డకే అగ్గిపుల్ల ఇయ్యుడు.