నెత్తురులోనూ ఇనుము కావాలి

విశాఖపట్నం: బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం నింపుకొని గూడ్సు బళ్ళు అరకులోయ మీదుగా విశాఖకు దిగుతుంటాయి. 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం అందుకోసం పుట్టిందే. ఆ బళ్ళను రోజూ చూసే పల్లెల్లో ఎందరో తల్లుల ఒంట్లో మాత్రం చిటికెడు ఇనుముకు కరువు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది.

నెత్తురులో ఏముంది?

పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. గడ్డకట్టకుండా మందు కలిపి గాజు గొట్టంలో నిలబెడితే పైన లేత పసుపు రంగు ద్రవం తేరుతుంది. అదే ప్లాస్మా. రక్తంలో సగం పైచిలుకు ఇదే. ఇందులో నూటికి 90 వంతులు నీరు. తిన్న తిండి సారాన్ని ఒళ్ళంతా పంచేదీ, మలినాలను మూత్రపిండాలకు చేర్చేదీ ఇదే.

అడుగున పేరుకొనేవి ఎర్ర కణాలు. నడుమ పలుచని తెల్లని పొరలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు ఉంటాయి. తెల్ల కణాలు రోగక్రిములతో పోరాడతాయి. కొడవలి తగిలి వేలు తెగితే నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడేవి ప్లేట్‌లెట్లు.

ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉంది. దానిలోని ఇనుమే ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును పట్టుకొని ఒళ్ళంతటికీ మోస్తుంది. మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా కూడినా 3, 4 గ్రాములే. ఎర్ర కణం ఆయువు సుమారు 120 రోజులు. ఎముకల మూలుగలో కొత్తవి తయారవుతుంటాయి. చచ్చిన కణాల ఇనుమును శరీరం మళ్ళీ వాడుకుంటుంది. కాని ముట్టులో, కాన్పులో బయటికి పోయిన ఇనుము తిరిగి రాదు. ఉత్త కాళ్ళతో నడిచేవారి పాదాల ద్వారా చేరే కొంకిపురుగులూ పేగుల్లో నెత్తురు పీలుస్తాయి.

గుర్తుపట్టడం ఎలా?

కంటి రెప్ప లోపల పాలిపోవడం, నాలుగడుగులకే ఆయాసం, మట్టి, బలపాలు తినాలనిపించడం దీని లక్షణాలు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. అటువంటి తల్లికి కాన్పులో కాస్త ఎక్కువ నెత్తురు పోయినా ప్రాణం మీదికొస్తుంది.

భయం వద్దు

గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రల్లో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని చాటుగా పారేసేవారున్నారు. అది ఉత్త అపోహ. విరేచనం నల్లబడుతుంది, అంతే. గర్భిణులు రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. టీతో కలిపి మింగరాదు. తోటకూర, మునగాకు, పప్పులు తింటూ పైన నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఏజెన్సీవారు మరొకటి గమనించాలి. సికిల్ సెల్ జబ్బులో ఎర్ర కణాలు కొడవలిలా వంగి త్వరగా నశిస్తాయి. ఇది తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది. ఇనుము మాత్రలతో నయం కాదు. పరీక్ష చేయించుకొని డాక్టరు చెప్పినట్టు మందులు వాడాలి.

హిమోగ్లోబిన్ చూడడానికి వేలి కొసన ఒక్క చుక్క నెత్తురు చాలు. ఇంట్లో గర్భిణి ఉంటే రేపే నర్సమ్మ దగ్గరకు తీసుకెళ్ళండి.