కొవ్వు తక్కువ బిస్కెట్టా? రెండు చెక్కలా? అసలు మానేయడమా?

సాయంత్రం టీ పెట్టగానే మన ఇళ్లలో చెయ్యి డబ్బా మీదికి వెళుతుంది. జంతికలు, చెక్కలు, కారప్పూస, బూందీ, బిస్కెట్లు, ఏదో ఒకటి ఉండాల్సిందే. ఇంట్లో ఒకరికి షుగరో, బి.పి.యో, గుండె జబ్బో ఉందని డాక్టరుగారు చెప్పిన రోజు నుంచి ఆ డబ్బా దగ్గర చర్చ మొదలవుతుంది. కొందరు ‘లో ఫ్యాట్’ అని రాసి ఉన్న ప్యాకెట్టు కొంటారు. కొందరు “ఎన్నాళ్లు బతుకుతాం లెండి” అని పాతవే తింటారు. ఇంకొందరు అన్నీ ఒకేసారి మానేస్తారు.

మన ఆస్పత్రి మెడికల్ వార్డులో ఈ మూడు రకాల వారినీ చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మూడు దారుల్లోనూ మంచి ఉంది, మూడింటిలోనూ ప్రమాదం కూడా ఉంది. ఏ దారి ఎవరికి సరిపోతుందో తెలుసుకోవడమే ముఖ్యం. అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాను.

నూనె ముట్టని అమ్మగారు

షుగరు వ్యాధి ఉన్న ఒక పెద్దావిడ ప్రతి నెలా ఓ.పి.కి వస్తారు. మందులు తప్పకుండా వేసుకుంటారు. అయినా రెండు మూడు సార్లు వరుసగా షుగరు ఎక్కువే వచ్చింది. “సిస్టరుగారూ, నేను నూనె వస్తువు నోట పెట్టి ఆరు నెలలైంది. మా అబ్బాయి తెచ్చే డైజెస్టివ్ బిస్కెట్లు తప్ప ఇంకేమీ తినను” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

“ఎన్ని తింటారమ్మా?” అని అడిగాను. పొద్దున టీతో నాలుగు, సాయంత్రం నాలుగు. ప్యాకెట్టు ఆవిడ సంచిలోనే ఉంది. ఇద్దరం కలసి వెనక వైపు చదివాము. అటువంటి బిస్కెట్లలో 100 గ్రాములకు సుమారు 480 కేలరీలు, 20 గ్రాముల కొవ్వు, 15 గ్రాముల చక్కెర ఉంటాయి. ఎనిమిది బిస్కెట్లు దాదాపు 100 గ్రాములు తూగుతాయి. అంటే ఒక పూట భోజనానికి సరిపడే కేలరీలు ఆవిడ టీతోనే తీసుకుంటున్నారు. నూనె ముట్టలేదనుకున్న మనిషి రోజుకు నాలుగు చెంచాల కొవ్వు తింటున్నారు. మామూలు మారీ బిస్కెట్టులో కూడా దీనికంటే కొవ్వు తక్కువే ఉంటుంది.

“మరి చెక్కలు?” అని అడిగారు. ఇంట్లో చేసిన చిన్న చెక్కలు రెండింటిలో సుమారు 100 కేలరీలు ఉంటాయి. ఆవిడ ఆరు నెలలు నోరు కట్టుకున్నది ఆ రెండు చెక్కల కోసం. వాటి బదులు తిన్నది ఐదింతలు.

ఆవిడ తప్పేమీ లేదు. ‘డైజెస్టివ్’ అన్న పేరు చూసి అది మందులాంటిదే అనుకున్నారు. మనలో చాలామంది అలాగే అనుకుంటాము. మంచిది అనుకున్న వస్తువును లెక్కపెట్టకుండా తింటాము. చెడ్డది అనుకున్నదాన్ని మాత్రం లెక్కపెట్టి తింటాము.

ప్యాకెట్టు ముందు ఒక మాట, వెనక ఒక మాట

ప్యాకెట్టు మీద ఏమి రాయవచ్చో మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనలు పెట్టింది. 2018 నాటి ఆ నిబంధనల ప్రకారం ‘లో ఫ్యాట్’ అని రాయాలంటే గట్టి పదార్థం 100 గ్రాములలో కొవ్వు 3 గ్రాములకు మించకూడదు. ‘ఫ్యాట్ ఫ్రీ’ అని రాయాలంటే అర గ్రాముకు మించకూడదు. ఇవి గట్టి నిబంధనలే. అయితే మనల్ని మోసపుచ్చేవి మిగతా మాటలు.

‘కొవ్వు తగ్గించినది’ అంటే అదే రకం మామూలు వస్తువు కన్నా కనీసం 25 శాతం తక్కువ అని మాత్రమే అర్థం. మామూలు చిప్స్‌లో 100 గ్రాములకు 35 గ్రాముల నూనె ఉంటే, తగ్గించిన దానిలో ఇంకా 26 గ్రాములు ఉండవచ్చు. ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాయడం కూడా గొప్ప విషయం కాదు. కొలెస్ట్రాల్ గుడ్లు, మాంసం, పాలు వంటి జంతు సంబంధమైన ఆహారంలోనే ఉంటుంది. శనగపిండి కారప్పూసలో అది మొదటి నుంచీ లేదు. ‘బేక్డ్’, ‘మల్టీగ్రెయిన్’, ‘డైజెస్టివ్’ అన్న మాటలు కొవ్వు ఎంత ఉందో చెప్పనే చెప్పవు.

ఇంకొక సంగతి. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు, ఒక గ్రాము చక్కెరలో లేక పిండిలో 4 కేలరీలు ఉంటాయి. కాబట్టి కొవ్వు తీసేస్తే కేలరీలు తగ్గాలి. కానీ కొవ్వు తీసిన బిస్కెట్టుకు రుచి ఉండదు. రుచి కోసం చక్కెర, గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్ట్రిన్, ఉప్పు వంటివి కలుపుతారు. అందుచేత కేలరీలు పెద్దగా తగ్గవు, షుగరు ఉన్నవారికి రక్తంలో చక్కెర మాత్రం పెరుగుతుంది. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి మూడు పేర్లలో మైదా, చక్కెర, నూనె కనబడితే ముందు ఏమి రాసి ఉన్నా అది మామూలు బిస్కెట్టే.

మన మరమరాలే చూడండి. వాటిలో కొవ్వు దాదాపు లేదు. కానీ అవి త్వరగా అరిగి రక్తంలో చక్కెరను తొందరగా పెంచుతాయి, ఆకలిని ఎక్కువసేపు ఆపవు. వేరుశెనగ పప్పులో కొవ్వు చాలా ఎక్కువే. కానీ అందులో ఎక్కువ భాగం గుండెకు హాని చేయని రకం, మాంసకృత్తులు కూడా ఉంటాయి. చిన్న గుప్పెడు తింటే రాత్రి భోజనం వరకు ఆకలి ఆగుతుంది.

కొవ్వు తగ్గిస్తే చాలు అన్న మాటను అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. 48,835 మంది స్త్రీలతో సుమారు 8 సంవత్సరాలు జరిగిన ఆ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తం కొవ్వు తగ్గించి తిన్నవారిలో గుండె జబ్బులు, పక్షవాతం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఏ రకం కొవ్వు, దాని బదులు ఏమి తింటున్నాము అన్నవి కూడా చూడాలని దీనిని బట్టి అర్థమవుతుంది.

అన్నీ మానేసిన మాస్టారు

ఇక మానేసేవారి సంగతి. ఒక రిటైరైన మాస్టారుగారు షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నారు. కూతురు ఫోనులో గట్టిగా చెప్పిందని సాయంత్రం తినేవన్నీ ఒకేసారి మానేశారు. మధ్యాహ్న భోజనం కూడా తగ్గించారు. మాత్ర మాత్రం అంతే వేసుకున్నారు. నాలుగో రోజు సాయంత్రం నడకకు వెళ్లి వచ్చి, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి కూర్చుండిపోయారు. ఇంట్లోవారు కంగారుపడి ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్టు తినిపించారు. మన క్యాజువాలిటీకి తెచ్చేసరికి షుగరు 52 ఉంది. సమయానికి వచ్చారు కాబట్టి కోలుకున్నారు.

దయచేసి ఇది గుర్తుంచుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు డాక్టరుగారిని అడగకుండా తిండి మానకూడదు, వేళ తప్పించకూడదు. షుగరు 70 కన్నా తగ్గితే, లేక పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఇంకా తక్కువ ఉంటే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. ఆ సమయంలో షుగర్ ఫ్రీ వస్తువులు పనికిరావు. చాక్లెట్టు, బిస్కెట్టు కూడా త్వరగా పనిచేయవు, ఎందుకంటే కొవ్వు అరుగుదలను ఆలస్యం చేస్తుంది. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. పై మాత్రలు వాడేవారికి షుగరు మళ్లీ పడిపోవచ్చు. కాబట్టి తేరుకున్నా ఒకసారి ఆస్పత్రిలో చూపించుకోవాలి.

నా సంగతి కూడా చెబుతాను

ఇతరులకు చెప్పే నేను తక్కువదాన్ని కాదు. నైట్ డ్యూటీలు చేసిన రోజుల నుంచి నా డ్రాయరులో కారప్పూస డబ్బా ఉండేది. రిపోర్టు రాస్తూ తినేదాన్ని. బి.పి. వచ్చాక ఒక సంవత్సరం శ్రమకాలపు నలభై రోజులు కారం వస్తువులు ముట్టనని తీర్మానం చేసుకున్నాను. నలభై రోజులూ నిలబడ్డాను. ఈస్టర్ తర్వాతి వారంలో మాత్రం రెండు కిలోల డబ్బా ఖాళీ చేశాను. కాళ్లు వాచాయి, బి.పి. పెరిగింది, నా మీద నాకే సిగ్గు వేసింది.

అప్పుడు మా డాక్టరుగారు ఒకే ప్రశ్న వేశారు: “సిస్టర్, నలభై ఒకటో రోజుకు ఏమి అనుకున్నారు?” నేనేమీ అనుకోలేదు. ఇప్పుడు డ్రాయరులో డబ్బా లేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తింటాను. మిగతా రోజులు వేయించిన శనగలు. కొన్ని సంవత్సరాలుగా ఇలాగే గడుస్తోంది, కష్టంగా లేదు.

ఎవరికి ఏ దారి మంచిది?

1. కొవ్వు తక్కువ రకం: కొవ్వు తీసి, దాని బదులు ఏమీ కలపని వస్తువులకు ఇది మంచి దారి. పాలు దీనికి మంచి ఉదాహరణ. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. బరువు ఎక్కువ ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు టోన్డ్ లేక డబుల్ టోన్డ్ పాలు, వెన్న తీసిన మజ్జిగ వాడుకోవచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు కొవ్వు తీసిన పాలు వద్దు.

2. మామూలు రకం, కొద్దిగా: ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. వారానికి ఒకటి రెండు సార్లు, ఇంట్లో కొత్త నూనెతో చేసినవి, రెండు మూడు మాత్రమే. ఒకసారి కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. మిగతా రోజులకు వేయించిన శనగలు, ఉడికించిన అలసందల గుగ్గిళ్లు, ఒక జామకాయ సరిపోతాయి. సన్నగా, నీరసంగా ఉన్న పిల్లలకు, టి.బి. మందులు వాడుతూ బరువు తగ్గినవారికి కొవ్వు తక్కువ తిండి అవసరం లేదు. షుగరు లేకపోతే వారికి సున్నుండ, వేరుశెనగ ఉండ మంచి బలం.

3. మానేయడం: గుండె బలహీనపడి కాళ్లకు నీరు వచ్చేవారు, ఉప్పు తగ్గించమని చెప్పినవారు మిక్చరు, అప్పడాలు, ఉప్పు చిప్స్ పూర్తిగా మానడమే మేలు. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, మించకూడదు. లేబులు మీద సోడియం అని ఉంటుంది, 2000 మిల్లీగ్రాముల సోడియం 5 గ్రాముల ఉప్పుతో సమానం. ఒకటి తింటే ఆపలేనివారు కూడా ఆ వస్తువు ఇంటికి తేకపోవడం సులభం. కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పులు, గింజలు కూడా డాక్టరుగారిని అడిగే తినాలి.

ఇంట్లో చేయవలసినవి

డబ్బా చేతిలో పెట్టుకుని తినకండి, పళ్లెంలో తీసుకుని మూత పెట్టేయండి. టి.వి. చూస్తూ తినకండి. తినే ముందు ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, ఆకలా అలవాటా అని ఆలోచించండి. ప్యాకెట్టు కొంటే ముందు మాట కాక వెనక 100 గ్రాముల లెక్క చదవండి. అక్షరాలు చిన్నగా ఉంటే పిల్లలతో చదివించుకోండి. లేబుల్ చదివి కొనమని, ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తినుబండారాలు తగ్గించమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 నాటి ఆహార సూచనలలో చెప్పింది.

పెద్దవాళ్లున్న ఇళ్లలో కోడళ్లకు, కొడుకులకు ఒక మనవి. వారి చేతిలో డబ్బా లాక్కోకండి. పక్కన కూర్చుని మీరు కూడా అవే రెండు తినండి. ఒక్కరికి మాత్రం వేరే బిస్కెట్టు పెడితే, వారు తమను రోగిగా పక్కన పెట్టారనుకుని చాటుగా తింటారు. అలా చాటుగా తిన్నది ఓ.పి. చీటీలో ఎక్కదు, దానికి తగ్గట్టు మందు ఇవ్వడం మాకు కుదరదు.

మొదట చెప్పిన పెద్దావిడ ఇప్పుడు బుధ, ఆదివారాలలో రెండేసి చెక్కలు తింటున్నారు. మిగతా రోజులు వేయించిన శనగలు. మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తే మందు పెంచకుండానే షుగరు తగ్గింది. పోయినసారి వచ్చినప్పుడు కాగితంలో చుట్టి నాకూ రెండు చెక్కలు తెచ్చారు. ఆ రోజు బుధవారం. నాది ఆదివారం కదా అని ఇంటికి తీసుకువెళ్లి దాచుకున్నాను.

మీరు ఏమి తింటున్నారో చెప్పడానికి ఓ.పి.లో మా సిస్టర్ల దగ్గర సిగ్గుపడకండి. వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు మీరు తినే ప్యాకెట్టు కూడా సంచిలో వేసుకుని రండి. కలసి చదువుదాము.