ల్యాప్‌టాప్‌ను మనమే విప్పవచ్చునా?

పాఠశాలలో ఏడెనిమిదేండ్ల క్రిందట కొన్న ల్యాప్‌టాప్ ఒకటి కలదనుకొందము. మీట నొక్కిన తరువాత అది పనికి సిద్ధమగునప్పటికి తరగతి సమయములో ఐదు నిమిషములు గడచిపోవును. మార్కుల పట్టిక తెరచుటకు మరి రెండు నిమిషములు పట్టును. యంత్రము పాతబడినది, క్రొత్తది కొనవలెనని ఒక ఉపాధ్యాయుడనును. ర్యామ్ కొంత పెంచి, హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. అమర్చినచో ఇంక కొన్నేండ్లు పనిచేయునని మరియొకరందురు. రెండవ సలహాయే బాగున్నదని తోచినను, వెంటనే ఇంకొక ప్రశ్న పుట్టును. ఆ పని మనమే చేయవచ్చునా? లేక దుకాణమునకు పంపవలెనా?

ఈ ప్రశ్నకు చాలమంది తమ స్వభావమును బట్టి జవాబు చెప్పుదురు. ధైర్యము గలవారు వెంటనే స్క్రూడ్రైవరు చేతబట్టుదురు. భయస్థులు అడుగు మూత వైపు చూచుటకైనను ఇష్టపడరు. నిజమునకు ఇది ధైర్యముతో తేలు విషయము కాదు. మూడు సంగతులు విచారించినచో జవాబు దానంతట అదే తేలును. మార్చదలచిన భాగమే మందకొడితనమునకు కారణమా? ఆ భాగము మార్చుటకు వీలైనదేనా? పొరపాటు జరిగినచో పోవునదేమి, పోయినది తిరిగి వచ్చునా?

బల్ల, బీరువా

మొదటి ప్రశ్నకు జవాబు తెలియవలెనన్న ల్యాప్‌టాప్‌లోని రెండు విధముల స్మృతులను గూర్చి తెలిసికొనవలెను. పరీక్ష పేపర్లు దిద్దు ఉపాధ్యాయుని గదిలో ఒక బల్ల, ఒక బీరువా ఉండును. అప్పటికి కావలసిన కట్టలు బల్లమీద ఉండును. తక్కినవి బీరువాలో ఉండును. ర్యామ్ అనునది బల్ల వంటిది. విద్యుత్తు ఆగినచో అందులోని సమాచారమంతయు చెరిగిపోవును. హార్డ్ డిస్కు బీరువా వంటిది. విద్యుత్తు లేకున్నను అందులోనిది నిలిచియుండును.

హార్డ్ డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెము గిరగిర తిరుగుచుండును. ల్యాప్‌టాప్‌లలో సాధారణముగా వాడు డిస్కు నిమిషమునకు 5400 మార్లు, అనగా సెకనుకు 90 మార్లు తిరుగును. ఒక్కొక్క చుట్టునకు పట్టు కాలము సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారము చదువు సూది క్రిందకు వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా ఐదున్నర మిల్లీసెకన్లు వేచియుండవలెను. సూది తగిన వలయమునకు జరుగుటకు మరి 10 మిల్లీసెకన్లు పట్టుననుకొనినచో మొత్తము పదిహేనున్నర. ఈ లెక్కన ఇక్కడొకటి అక్కడొకటిగా పడియున్న చిన్న ఫైళ్లను సెకనుకు 65కు మించి చదువుట కష్టము. యంత్రము మేలుకొనుటకు అట్టి ఫైళ్లను వేలకొలది చదువవలెను. మన ఐదు నిమిషములు ఎటు పోయినవో ఇప్పుడు తెలిసినది గదా!

ఎస్.ఎస్.డి.లో తిరుగు పళ్లెము లేదు, జరుగు సూది లేదు. సిలికాన్ చిప్పులలో విద్యుదావేశ రూపమున సమాచారము నిలిచియుండును. ఈ ఫ్లాష్ స్మృతిని 1980 దశకములో జపాను దేశమున తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించెను. అందులో ఒక ఫైలును అందుకొనుటకు మిల్లీసెకనులో పదవ వంతు చాలును. కాబట్టి హార్డ్ డిస్కు గల పాత యంత్రమునకు ఎస్.ఎస్.డి. అమర్చుట వలన కలుగు మార్పు ఎవరికైనను కంటికి కనబడును.

ర్యామ్ సంగతి వేరు. బల్ల నిండినప్పుడు మాత్రమే పెద్ద బల్ల వలన లాభము. బల్లమీద సగము చోటు ఖాళీగా ఉన్నచో దానిని ఎంత పెంచినను పేపర్లు దిద్దు వేగము పెరుగదు. కావున కొనుటకు ముందు పరీక్షింపవలెను. విండోస్ యంత్రములో టాస్క్ మేనేజరు అను పట్టిక కలదు. యంత్రము నత్తనడక నడచుచున్న సమయమున దానిని తెరచి చూడుడు. మెమొరీ 90 శాతము దాటియున్నచో ర్యామ్ చాలుట లేదని అర్థము. డిస్కు చాలసేపు 100 శాతము వద్ద నిలిచినచో లోపము చాలవరకు డిస్కులో ఉన్నది. ర్యామ్ చాలనప్పుడు కూడ యంత్రము మాటిమాటికి డిస్కును ఆశ్రయించును గనుక రెండు అంకెలను కలిపి చూడవలెను. ప్రాసెసరు ఒక్కటే 100 శాతము పనిచేయుచున్నచో ఈ రెండింటిలో ఏది మార్చినను ప్రయోజనము స్వల్పము. గాలిపంకా దుమ్ముతో నిండి యంత్రము వేడెక్కుచున్నచో శుభ్రపరచుటయే చాలును.

మరియొక సంగతి కలదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 నడుచుటకు తగిన ప్రాసెసరును, టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటును ఉండవలెను. ర్యామ్, ఎస్.ఎస్.డి. మార్చినంత మాత్రమున ఆ అర్హత రాదు. అట్టి యంత్రములో లినక్స్ వాడుటకు సిద్ధపడినప్పుడే ఈ ఖర్చు సార్థకమగును.

విప్పినంత మాత్రమున మారునా?

రెండవ ప్రశ్న మార్చుటకు గల వీలును గూర్చినది. అన్ని ల్యాప్‌టాప్‌లలోను ర్యామ్ ఊడదీయుటకు రాదు. 2012లో ఆపిల్ సంస్థ తెచ్చిన రెటినా తెర మాక్‌బుక్ ప్రోలో ర్యామ్ చిప్పులను మదర్‌బోర్డుకే అతికించిరి. పిమ్మట పలుచని ల్యాప్‌టాప్‌లు అనేకము అదే బాట పట్టినవి. దీనికి కారణము లేకపోలేదు. తీగల పొడవు తగ్గినచో విద్యుత్తు ఆదా అగును, వేగము పెరుగును, యంత్రము పలుచనగును. కాని కొన్నవాడు తరువాత పెంచుకొను అవకాశము పోవును. ఈ చిక్కును తీర్చుటకు పలుచగా ఉండి, ఊడదీయ వీలైన క్యామ్2 అను క్రొత్త రకమునకు జెడెక్ అను ప్రమాణ సంస్థ 2023లో రూపమిచ్చినది.

ఊడదీయుటకు వీలున్నను ఏ పలక పడిన ఆ పలక సరిపడదు. ల్యాప్‌టాప్‌లో వాడు డి.డి.ఆర్.3 పలకకు 204 స్పర్శ బిందువులు, డి.డి.ఆర్.4 పలకకు 260 ఉండును. మొదటిది 1.5 లేక 1.35 వోల్టుల మీదను, రెండవది 1.2 వోల్టుల మీదను పనిచేయును. ఒకదాని బదులు మరియొకటి పెట్టకుండ పలక అంచున గల గంటును వేరువేరు చోట్ల కోసియుంచిరి. పలక గాడిలో దిగనప్పుడు బలము ప్రయోగింపరాదు. అది మొరాయించుట లేదు. తన చోటు కాదని చెప్పుచున్నది.

ఎస్.ఎస్.డి.లలోను భేదములు కలవు. పాత హార్డ్ డిస్కు చోటున అమరు రెండున్నర అంగుళముల శాటా రకము ఒకటి. 22 మిల్లీమీటర్ల వెడల్పు గల పలుచని ఎం.2 రకము మరియొకటి. ఎం.2 గాడి ఉన్నను అది శాటాను మాత్రమే అంగీకరించునో, ఎన్.వి.ఎం.ఇ.ని అంగీకరించునో తయారీదారు ఇచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. రూపము ఒకటే అయినంత మాత్రమున లోపలి భాష ఒకటి కాదు.

కనబడని నిప్పురవ్వ, కనబడు బ్యాటరీ

ఇక అపాయముల సంగతి. శీతకాలమున గాలి పొడిగా ఉన్న దినములలో పాలియెస్టరు దుస్తులు ధరించి ప్లాస్టిక్ కుర్చీ నుండి లేచి తలుపు గడియ ముట్టుకొన్నచో వ్రేలికి చురుక్కుమనును. అది స్థిర విద్యుత్తు. మనకు ఆ చురుకు తెలియవలెనన్న సుమారు 3000 వోల్టులు కావలెను. మన శరీరపు విద్యుత్ ధారణ సుమారు 100 పికోఫారడులు. ధారణను వోల్టేజి వర్గముతో గుణించి సగము చేసినచో శక్తి వచ్చునని విద్యార్థులు ఇంటరులో చదువుదురు. ఆ లెక్కన వచ్చునది 0.45 మిల్లీజౌలు, ఒక గ్రాము బరువును నాలుగున్నర సెంటీమీటర్లు ఎత్తుటకు చాలునంతటి శక్తి. మనకది లెక్కలోనిది కాదు. కాని చిప్పులోని ట్రాన్సిస్టరులో బంధకపు పొర మందము కొన్ని నానోమీటర్లు మాత్రమే. మన వ్రేలికి తెలియనంత తక్కువ వోల్టేజి సైతము దానిని చీల్చగలదు.

నివారణ సులభము. మణికట్టు పట్టీ ఉన్నచో కట్టుకొనవలెను. లేనిచో లోపలి లోహపు చట్రమును అప్పుడప్పుడు ముట్టుకొనుచుండవలెను. అప్పుడు మన శరీరమును యంత్రమును ఒకే వోల్టేజికి వచ్చును. భేదము లేనిచోట ప్రవాహము లేదు. దుప్పటి మీద కాక చెక్క బల్లమీద పనిచేయవలెను. పలకను అంచులతో పట్టుకొనవలెను.

బ్యాటరీ ఇంతకంటె పెద్ద విషయము. 45 వాట్-గంటల బ్యాటరీలో 1,62,000 జౌళ్ల శక్తి ఉండును. ఇందాకటి నిప్పురవ్వకు ఇది 36 కోట్ల రెట్లు! లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవరు గ్రుచ్చుకొన్నను, తీగలు కలిసికొన్నను మంట పుట్టవచ్చును. కావున యంత్రమును పూర్తిగా ఆపి, చార్జరు తీసి, మూత విప్పగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టరును విడదీయవలెను. బ్యాటరీ ఉబ్బియున్నట్లు కనబడినచో పని అక్కడితో ఆపవలెను. అది విద్యార్థుల ఎదుట ముట్టుకొనవలసినది కాదు, నిపుణునికి అప్పగింపవలసినది.

లెక్క వేసి చూతము

మూడవ ప్రశ్నకు పదవ తరగతిలోని సంభావ్యత పాఠము అక్కరకు వచ్చును. యంత్రము విలువ నేడు 15,000 రూపాయలనుకొందము. దుకాణములో కూలి 500 రూపాయలు. మనము చేసినచో పాడగు అవకాశము ఏబదింట ఒకటి అయినచో సగటు నష్టము 300 రూపాయలు. ఇది కూలికంటె తక్కువ; మనమే చేయుట లాభము. జిగురుతో అతికిన మూత, సన్నని పట్టీ తీగలు ఉండి, పాడగు అవకాశము పదింట ఒకటి అయినచో సగటు నష్టము 1,500. అప్పుడు దుకాణమే మేలు. ఈ ఉదాహరణలో సరిహద్దు ముప్పదింట ఒకటి. మీ యంత్రమునకు మీరే అంకెలు వేసికొనుడు.

ఈ లెక్కకు రెండు మినహాయింపులు కలవు. సగటు అనునది పెక్కు యంత్రములు గలవానికి సరిపోవును. బడికి ఉన్నది ఒకే యంత్రమైనచో 300 రూపాయల సగటు నష్టమని ఊరడిల్లుటకు లేదు. పోయిననాడు 15,000 ఒక్కసారిగా పోవును. అంత నష్టము భరింపగలమా అని వేరుగా విచారింపవలెను. అది స్టాకు రిజిస్టరులో చేరిన ప్రభుత్వపు ఆస్తి అయినచో ప్రధానోపాధ్యాయుని లిఖితపూర్వకమైన అనుమతి లేక మూత విప్పనే రాదు. వారంటీ మిగిలియున్నచో దాని నిబంధనలను ముందు చదువవలెను.

రెండవ మినహాయింపు మరింత ముఖ్యము. డిస్కులో ఉన్న మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రములు, పిల్లల ప్రాజెక్టులు, పాఠశాల ఫోటోలు మొదలగువానికి రూపాయలలో విలువ కట్టలేము. ర్యామ్ విరిగినచో మరియొకటి దొరకును. పదేండ్ల ఫోటోలు ఏ దుకాణములోను దొరకవు. మనమే విప్పినను, దుకాణమునకు పంపినను ముందుగా చేయవలసిన పని ఒక్కటే: సమాచారమును వేరొక డిస్కునకు నకలు తీసి, ఆ నకలు మరియొక యంత్రములో తెరచుకొనుచున్నదని చూచుకొనుట. డిస్కు సంకేత భాషలో బిగింపబడియున్నచో భాగములు మార్చిన తరువాత యంత్రము బిట్‌లాకర్ రికవరీ కీ అను 48 అంకెల సంఖ్యను అడుగవచ్చును. దానిని కాగితము మీద వ్రాసి దాచవలెను. అది లేనిచో పట్టికలు కళ్లయెదుటనే ఉండియు అందకుండ పోవును.

పై విచారణ ముగిసిన తరువాత చేతిపని పావుగంటదే. విప్పుటకు ముందు లోపలి భాగమును ఫోటో తీయుడు. స్క్రూలు అన్నియు ఒకే పొడవు కావు. కాగితము మీద మూత బొమ్మ గీసి ఏ చోటి స్క్రూను ఆ చోటనే ఉంచుడు. ర్యామ్ పలకను ఏటవాలుగా గాడిలో దించి, తరువాత క్రిందికి నొక్కినచో రెండు ప్రక్కల కొక్కెములు టక్కుమని పట్టుకొనును. మూత బిగించుటకు ముందే బ్యాటరీని మరల కలిపి, యంత్రము క్రొత్త భాగమును గుర్తించినదో లేదో చూచుకొనుడు.

నకలు చేతిలో ఉండి, భాగము సులభముగా మారునదై, నష్టమును భరింపగలిగినచో నిరభ్యంతరముగా విప్పుడు. తరగతి పిల్లలను కూడ చుట్టును నిలుచుండబెట్టి చూపుడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను దుకాణమునకు పంపుట పిరికితనము కాదు. అయితే నకలు తీయు పనిని మాత్రము దుకాణదారునకు వదలక, ఈ దినమే మొదలుపెట్టుడు.