మళ్లీ వస్తామన్న మాట



డిగ్రీ పూర్తిచేసిన బిడ్డ, ఉద్యోగం వెదుక్కోకుండా ఒక సంవత్సరం బస్తీలో సేవ చేస్తానంటే ఏ తల్లిదండ్రులకైనా దిగులు కలుగుతుంది. మా ఇళ్లలోనూ అదే జరిగింది. "దేవుని పని ఆదివారం చేస్తే సరిపోదా?" అని ఒక తండ్రి అడిగారు. ఒక తల్లి మూడు రోజులు సరిగా మాట్లాడలేదు. అయినను 2023 జూన్‌లో మేము ఆరుగురం బయలుదేరాము. నల్గొండ వైపు నుండి ముగ్గురం, మహబూబ్‌నగర్ వైపు నుండి ముగ్గురం. మహబూబ్‌నగర్ పట్టణం చివరనున్న ఒక బస్తీలో నలుగురు సోదరులం ఒక గది అద్దెకు తీసుకున్నాము. ఇద్దరు సహోదరీలకు దగ్గరలోనే ఒక సంఘపెద్ద ఇంట చోటు దొరికింది. సంఘాలు బియ్యము, పప్పు, చేతిఖర్చుకు కొంత పైకము ఇచ్చాయి. ఆ సంవత్సరం మాకేమి నేర్పిందో మీతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు.

ఇది కొత్త సంగతి కాదు

యౌవనకాలంలో ఒక సంవత్సరం సేవకు ఇచ్చినవారు మాకు ముందే ఉన్నారు. మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ 1950 నుండి వివిధ దేశాల యౌవనస్థులను ఏడాదిపాటు అమెరికా, కెనడా దేశాలకు పిలిచి, అక్కడి కుటుంబాల మధ్య ఉంచి సేవ చేయిస్తున్నది. మన దేశములో కళాశాల విద్యార్థుల కొరకు 1969లో జాతీయ సేవా పథకము మొదలైంది. ఇంకా వెనుకకు వెళితే, రష్యా సామ్రాజ్యము నుండి అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్గొండకు వచ్చి, ఇక్కడి భాష నేర్చుకుని, ఏళ్ల తరబడి ఉండిపోయారు. మేము ఇచ్చింది ఒక్క సంవత్సరమే. అదే చాలా గొప్ప అనుకున్నాము.

"ఎన్ని దినాలుంటరు బిడ్డా?"

మొదటి వారంలోనే ఇల్లిల్లూ తిరిగాము. మా చేతిలో పెద్ద పట్టిక ఉంది. సాయంత్రం బడి, ఆరోగ్య శిబిరము, పరిశుభ్రతపై పాఠాలు, పిల్లలకు పాటలు. ఒక ముసలమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎన్ని దినాలుంటరు బిడ్డా?"

"సంవత్సరం ఉంటామవ్వా."

ఆమె నవ్వింది. "మొన్నొచ్చినోళ్లు గూడ గట్లనే అన్నరు. ఫోటోలు దిగి పోయిండ్రు."

మాకు కోపం వచ్చింది. రాత్రి ప్రార్థనలో ఆమె హృదయము మెత్తబడాలని వేడుకున్నాము. మెత్తబడవలసింది ఎవరి హృదయమో అప్పటికి మాకు తెలియలేదు.

సాయంత్రం బడికి 31 మంది పిల్లలు వచ్చారు. మాలో ఒక సహోదరి మర్రిగూడ వైపు పిల్ల. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినందున పళ్ల మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వదు. పిల్లలు ఊరుకుంటారా? "అక్కా, నీ పళ్లకేమైంది?" అని అడిగారు. ఆమె సిగ్గు విడిచి నీళ్ల పాఠం చెప్పింది. నేల లోతున ఉన్న రాతిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో ఎలా కలుస్తుందో, ఎక్కువైతే ఎముకలు కూడా ఎలా వంగిపోతాయో చెప్పింది. పటిక, సున్నము వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి లోకమంతటా 'నల్గొండ పద్ధతి' అనే పేరున్నదని చెప్పింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నీళ్లు తరువాత వారి ఊరికీ వచ్చాయి. కాని వంగిన ఎముకలు తిరిగి నిటారు కావు. ఆలస్యంగా అందిన మేలు అందరినీ బాగుచేయలేదని ఆ రోజు మాకు అర్థమైంది.

దసరా తరువాత

దసరా పండుగ దాటేసరికి 31 మందిలో 14 మందే మిగిలారు. తక్కినవారు తల్లిదండ్రుల వెంట వలస పోయారు.

పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు. కృష్ణానది పక్కనుండే పారుతున్నా వానను నమ్ముకున్న మెట్ట నేల ఇది. పంట చేతికి రాని ఏట మేస్త్రి ఇచ్చే బయానా తీసుకుని కుటుంబాలు కుటుంబాలే కదిలిపోయేవి. ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో ఈ చేతులే మట్టి మోశాయి. ఉపాధి హామీ పథకము 2006లో తొలి విడతలోనే ఈ రెండు జిల్లాలకూ వచ్చింది. ఎత్తిపోతల నీళ్లు వచ్చిన చోట వలస కొంత తగ్గింది. అయినా అప్పు తీర్చవలసినవానికి, ఆడపిల్ల పెళ్లి చేయవలసినవానికి ఒక్కసారిగా చేతిలో పడే బయానాయే దిక్కు. ఆ డబ్బు తీసుకున్నాక వెళ్లనని అనడానికి లేదు.

ఐదవ తరగతి పాప ఒకతె లెక్కల్లో చురుకు. "మీ నాయనతో మాట్లాడి నిన్ను హాస్టల్లో ఉంచేలా చూస్తాము" అని ఆమెకు మాటిచ్చాము. ఆ వారమే మేమంతా యువజన కూటములకని మా ఊళ్లకు వెళ్లాము. నాలుగు రోజుల తరువాత తిరిగివస్తే ఆ ఇంటికి తాళం. పక్క గుడిసెలో నాయనమ్మ కూర్చుని ఉంది. మొదటి వారంలో మమ్మల్ని చూసి నవ్వినది ఆమెయే.

"మేస్త్రి లారీ తెచ్చిండు బిడ్డా. పిల్ల మీ కోసం రెండు దినాలు సూసింది."

ఆమె మాటలో కోపం లేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది. సేవను గూర్చి చెప్పుకునే కూటములకు వెళ్లి, చేయవలసిన సేవను మరచిపోయాము.

ఆ రోజే మా పట్టిక చింపివేశాము. మాటిస్తే నిలబెట్టుకోవాలి, నిలబెట్టుకోలేనిదైతే ఇవ్వకూడదు అని తీర్మానించుకున్నాము. ఆ అవ్వను నెల నెలా ప్రభుత్వ దవాఖానకు తీసుకువెళ్లి బి.పి. మాత్రలు ఇప్పించాము. ఒకరికి పింఛను కాగితాలు, ఇంకొకరికి ఆధార్‌లో పేరు దిద్దించుట. నివేదికలో రాసుకొనేంత పెద్ద పనులు కావవి. మిగిలిన 14 మందికి వాన వచ్చినా, మాకు జ్వరం వచ్చినా సాయంత్రం బడి ఆపలేదు. అవ్వ ఇక మమ్మల్ని ఎన్ని దినాలని అడగలేదు.

నాలుగు రోజులు మిగిలాయి

2024 మే చివర తొలకరికి ముందు కొన్ని కుటుంబాలు తిరిగి వచ్చాయి. ఆ పాప కూడా వచ్చింది. ఎండకు నల్లబడి, ఒక చేతిలో పాత నోటుపుస్తకము పట్టుకుని, "అక్కా, సాయంత్రం బడి ఉన్నదా?" అని అడిగింది. మా సంవత్సరం ముగియడానికి అప్పటికి నాలుగు రోజులే ఉన్నాయి!

ఆ రాత్రి మంచి సమరయుని ఉపమానము చదువుకున్నాము. చిన్నప్పటి నుండి విన్న కథయే. అతడు గాయములు కట్టాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, రెండు దేనారములు ఇచ్చాడు. ఇంతవరకే మాకు గుర్తుండేది. వెళ్లిపోతూ, తాను తిరిగి వచ్చినప్పుడు మిగిలిన ఖర్చు ఇస్తానని అతడు మాటిచ్చిన సంగతి మీద మా దృష్టి ఎన్నడూ నిలువలేదు. దారిన పోయేవాడు దారిన పోలేదు. మళ్లీ వస్తానన్నాడు.

మాలో ఇద్దరు ఆ పట్టణములోనే ఉద్యోగాలు చూసుకుని సాయంత్రం బడి కొనసాగించారు. తక్కిన నలుగురం నెలకొక శనివారం వెళ్లిరావాలని నిర్ణయించుకున్నాము. జూన్‌లో పాపను బడిలో చేర్చాము. ఒక సంవత్సరం వెనుకబడింది. ఆ సంవత్సరం తిరిగి ఇవ్వడం మా వల్ల కాదు. కాని దసరాకు చాలా ముందే ఆమె నాయనతో కూర్చుని మాట్లాడాము. నాయనమ్మ దగ్గర ఉంచి వెళ్లడానికి ఆయన ఒప్పుకున్నారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఒక సంవత్సరం అడిగితే భయపడకండి. మూడు రోజులు మాట్లాడని ఆ తల్లియే సంక్రాంతికి అరిసెలు మోసుకుని బస్తీకి వచ్చారు. అయితే ఆ సంవత్సరం ముగిసిన తరువాత ఏమి చేస్తావని మాత్రం తప్పక అడగండి. సంఘ పెద్దలారా, యౌవనస్థులను పంపేటప్పుడు వారి వెనుక ఎవరు వెళ్తారో కూడా ముందే ఆలోచించండి. ఇచ్చిన మాట తప్పని దేవుడు, మనము ఇచ్చే చిన్న మాటలను నిలబెట్టుకొనే కృప మనకు దయచేయును గాక.