నీళ్లలో సల్ఫేటు - సున్నం తీయగలిగేది ఎంత?



నీళ్లలో కంటికి కనిపించని దోషం ఉంటుందని పెన్నాగరం వైపు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడు పిల్లల పళ్లకు గార పట్టించడం, పెద్దల కీళ్లను బిగించడం ధర్మపురి జిల్లా ఏళ్ల తరబడి చూసింది. 2013లో హొగెనకల్ ఉమ్మడి తాగునీటి పథకం ప్రారంభమై కావేరి నీళ్లు కొళాయిలకు వచ్చాయి. అంతకు చాలా ముందే నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఫ్లోరైడును తగ్గించే ఒక పద్ధతిని రూపొందించింది. దానికి మన తెలుగు ఊరి పేరే పెట్టారు - నల్గొండ పద్ధతి. నీళ్లలో సున్నం, పటిక కలిపి, తేరిన తరువాత పై నీళ్లు తీసుకోవాలి. ఫ్లోరైడు తగ్గుతుంది. అయితే పటిక అంటే అల్యూమినియం సల్ఫేటు. అందులోని అల్యూమినియం మడ్డితోపాటు అడుగుకు చేరుతుంది. సల్ఫేటు మాత్రం నీళ్లలోనే నిలిచిపోతుంది.

ఈ సల్ఫేటు ఏమిటి? ఫ్యాక్టరీ నీళ్లలో ఇది ఎక్కువైతే దాన్ని ఎట్లా తీస్తారు? ఎంతవరకు తీయగలరు? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

గంధకమూ ఆక్సిజనూ కలిసి ఏర్పడేది సల్ఫేటు. దీనికి రంగు లేదు, వాసన లేదు. తాగే నీళ్లలో లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చునని, వేరే నీటి వసతి లేనిచోట 400 దాకా సహించవచ్చునని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. వెయ్యి దాటిందంటే నీళ్లు చేదెక్కుతాయి. అలవాటు లేనివారికి, ముఖ్యంగా పసిపిల్లలకు, విరేచనాలు పట్టుకోవచ్చు. సిమెంటు కట్టడాలను కూడా సల్ఫేటు తినేస్తుంది. గాలి ఆడని మురుగు గుంటల్లో సూక్ష్మజీవులు దీన్ని కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే విషవాయువుగా మారుస్తాయి. ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది, వాసనే తెలియదు. కాబట్టి వాసన రావడం లేదు గదా అని ఎవరినీ అట్లాంటి గుంటలోకి దించకూడదు.

మన పొరుగునే ఉన్న ఉదాహరణ పాలారు. కర్ణాటకలో పుట్టి, కుప్పం ప్రాంతం మీదుగా వాణియంబాడి వైపు తమిళనాడులోకి దిగే నది అది. ఆ ఒడ్డున వాణియంబాడిలో, ఆంబూరులో, రాణీపేటలో తోళ్ల షాపులు పెరిగాయి. తోలు మీది వెంట్రుకలు ఊడేందుకు సున్నంతోపాటు సోడియం సల్ఫైడు వేస్తారు. ఆ సున్నాన్ని వదిలించడానికి అమ్మోనియం సల్ఫేటు, తరువాత ఉప్పూ గంధకామ్లమూ, చివరికి తోలు పదునుకు క్రోమియం సల్ఫేటు. ఇన్ని చోట్ల గంధకం నీళ్లలో చేరుతుంది. ఆ నీళ్లు నేలలోకి ఇంకి బావులు చెడ్డాయి. తోళ్ల షాపుల ప్రాంతంలో దాదాపు 35 వేల హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పాడైందన్న విషయం 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన వేలూరు పౌర సంక్షేమ సంఘం కేసు తీర్పులోనే ఉంది. 2025 జనవరి 30న అదే కోర్టు ఆ ప్రాంతపు కాలుష్యంపై మళ్లీ తీర్పు చెప్పవలసి వచ్చింది. అంటే దాదాపు ముప్పై ఏళ్లయినా ఆ కథ ముగియలేదు.

మరి శుద్ధి ఎట్లా చేస్తారు? అన్నిటికంటే చవకైనది సున్నం. సున్నంలోని కాల్షియం సల్ఫేటుతో కలిసి జిప్సం అవుతుంది. శెనక్కాయ చేలో ఊడలు దిగే వేళకు మీరు చల్లే జిప్సమే అది. అడుగుకు దిగిన జిప్సాన్ని వడకట్టి తీసేస్తారు. వినడానికి సులువుగానే ఉంది. చిక్కేమిటంటే జిప్సం కూడా కొంత నీళ్లలో కరుగుతుంది. అందువల్ల ఎంత సున్నం పోసినా లీటరుకు సుమారు 1300 నుంచి 1500 మిల్లీగ్రాముల సల్ఫేటు మిగిలే ఉంటుంది. తోళ్ల షాపుల నీళ్లలాగా ఉప్పు ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువే మిగులుతుంది. తమిళనాడులో ఫ్యాక్టరీలు వదిలే నీళ్లకు పెట్టిన హద్దు 1000. సున్నం ఒక్కటే ఆ హద్దును అందుకోలేదు.

అంతకంటే దించాలంటే రెండు రసాయన మార్గాలున్నాయి. మొదటిది, సున్నంతో నీళ్లను బాగా క్షారంగా చేసి అల్యూమినియం సమ్మేళనాన్ని కలపడం. అప్పుడు కాల్షియం, అల్యూమినియం, సల్ఫేటు మూడూ కలిసి ఎట్రింగైట్ అనే ఖనిజంగా విడిపోతాయి. ఈ దారిలో 200కు లోపలికి కూడా తేవచ్చు. తరువాత బొగ్గుపులుసు వాయువుతో ఆ క్షారాన్ని తగ్గించాలి. రెండోది బేరియం. బేరియం సల్ఫేటు నీళ్లలో దాదాపు కరగదు. అయితే బేరియం లవణాలు ఖరీదైనవి. అంతేగాక కరిగిన బేరియం విషం, పొరపాటున మోతాదు మించితే మొదటికే మోసం.

ఇక్కడ ఒక లెక్క చూడండి. లీటరుకు 3000 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉన్న నీళ్లను సున్నంతో 1500కు దించారనుకుందాం. రోజుకు లక్ష లీటర్లు శుద్ధి చేస్తే రోజూ సుమారు 270 కిలోల ఎండు జిప్సం పోగవుతుంది. తడి మడ్డిగా చూస్తే బరువు ఇంకా ఎక్కువ. సల్ఫేటు మాయం కాలేదు, నీళ్లలోంచి మడ్డిలోకి మారింది, అంతే. ఆ మడ్డిని వాగు గట్టున పోస్తే వానకు మళ్లీ కరిగి బావికే చేరుతుంది. జిప్సమే గదా అని పొలానికి తోలుకోవద్దు. తోళ్ల షాపు మడ్డిలో క్రోమియం కూడా ఉంటుంది.

కనుక మీ ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుందని, శుద్ధి కేంద్రం కడతారని చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. లోపలికి వచ్చే నీళ్లలో సల్ఫేటు ఎంత? బయటికి పోయే నీళ్లలో ఎంత? తీసిన మడ్డి ఎక్కడికి పోతుంది? శుద్ధి చేశామన్న మాట ఒక్కటే జవాబు కాదు, అంకె కావాలి. రసాయనాల వాడకాన్ని మొదట్లోనే తగ్గించి, వాడిన ద్రావణాన్ని మళ్లీ వాడుకునే ఫ్యాక్టరీకి చివర్లో తీయవలసిన భారం తక్కువ.

ఇంట్లో ఏం చేయాలి? నీళ్లు కాచితే సల్ఫేటు పోదు, నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. బట్టలో వడపోస్తే పోదు. పటిక తిప్పితే కొంత పెరుగుతుంది. రివర్స్ ఆస్మాసిస్ యంత్రం తగ్గిస్తుంది గాని, అది వదిలే ఉప్పు నీళ్లను బావి దగ్గర పారబోయకండి. బావి నీళ్ల రుచి మారిందని అనిపిస్తే శుభ్రమైన సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. ప్రయోగశాలలో ఆ నీళ్లకు బేరియం క్లోరైడు కలుపుతారు. తెల్లగా మబ్బు కమ్మితే సల్ఫేటు ఉన్నట్టు. ఆ మబ్బు చిక్కదనాన్ని కొలిచి ఎంత ఉందో చెబుతారు. ఆ కాగితాన్ని తేదీ వేసి దాచుకోండి. రేపు బావి చెడిందని మీరు చెప్పవలసి వస్తే, నిన్న అది బాగుండేదని చెప్పే సాక్ష్యం అదే.